తడి చెత్త, పొడి చెత్త

హఫీజ్‌పేటలో ఒంటరిగా ఉంటూ, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే లీదియా ఫ్లాటు తలుపును రోజూ పొద్దున్నే చెత్త తీసుకెళ్లే కొమురమ్మ కొట్టేది.

"బిడ్డా, మల్ల తడి, పొడి కలిపినవ్!"

తిడుతూనే గుమ్మంలో కూలబడి, తొక్కలు ఒకవైపు, కవర్లు మరోవైపు ఏరేది. "గిట్ల కలిపితే ఎరువు గాదు, అంత పోయి డంపింగ్ యార్డుల గుట్టయితది. ఏంది, అన్నం గూడ తినకుండ పారేసినవ్? పానం బాగలేదా?"

"బాగానే ఉందమ్మా," అనేది లీదియా, పక్కనే నిలబడి.

ఒకరోజు ఏరుతూ ఏరుతూ కొమురమ్మ "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. పగిలిన గ్లాసు ముక్క అరచేతిని కోసేసింది. లీదియా గాయం కడిగి కట్టు కట్టింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రేపటి సంది జర వేరువేరుగ పెట్టు," అంది కొమురమ్మ.

మర్నాడు గుమ్మం ముందు రెండు డబ్బాలు పొందికగా ఉన్నాయి.

"శెబాష్! ఇగ నీకాడ నాకు పనే లేదు." కొమురమ్మ నిమిషంలో రెండూ సంచుల్లో గుమ్మరించుకొని పక్కింటికి వెళ్లిపోయింది.

లీదియా తలుపు వేసుకుంది.

ఏ డబ్బాలో ఏం వేయాలో తన కంపెనీలో రెండు వేలమందికి పాఠం తయారుచేసి ఇచ్చింది ఆమే. ఆరు నెలలుగా ఇంట్లో చెత్త కావాలనే కలిపింది. గుమ్మంలో కొమురమ్మ కూర్చునే ఆ పది నిమిషాలు తప్ప, రోజంతా లీదియాతో ఎదురెదురుగా మాట్లాడే మనుషులు లేరు.