ఏసీ ఆగిన ఆదివారం

"నాన్నా, ఏసీ ఆగిపోయింది," అంది కూతురు.

భార్యతో విడిపోయాక ఆయనకు కూతురు కనిపించేది ఆదివారాలే. ఈ పాత కారులో కాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లేది తప్ప, ఆయన అద్దెగది గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆయన గబగబా దిగి బానెట్ ఎత్తాడు. ఫ్యూజు మార్చాడు. బెల్టు తిరుగుతోంది గానీ కంప్రెసర్ కదలడం లేదు.

"కాస్త ఓపిక పట్టమ్మా, ఇట్టే అయిపోతుంది," అన్నాడు. కాదని ఆయనకు తెలుసు. ఈ ఉక్కకు కూతురు వెళ్లిపోతుందని ఆయన భయం.

ఆమె దిగి వచ్చి బానెట్ మూసేసింది.

"నీ గదిలో ఫ్యాను ఉందా?"

"ఉందమ్మా. కానీ... కుర్చీ ఒకటే ఉంది."

ఎవరూ రాని గదికి రెండో కుర్చీ కొనాలని ఆయనకు తోచనే లేదు.

కూతురు ఆయన ముఖంలోకి చూసింది.

"నేను మంచం మీద కూర్చుంటాలే. పద నాన్నా."