పొగ లేని పెనం

ముప్పై ఏళ్ళుగా సన్యాసమ్మ చెప్పందే ఆ ఊళ్ళో బెల్లం పెనం దించరు. ఈ ఏడు పెనం కింద మంట లేదు. పగలంతా దాచిపెట్టిన ఎండ వేడికే చెరుకు రసం మరుగుతోంది. యూనివర్సిటీవాళ్ళు బిగించిన యంత్రం పక్కనే ఉండి మాట్లాడుతోంది.

"పాకం వచ్చింది, దించండి," అంది యంత్రం.

సన్యాసమ్మ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుని, కాస్త పాకం నీళ్ళగిన్నెలో వేసి వేళ్ళతో నొక్కి చూసింది. ఉండ కట్టలేదు.

"రానేదు. ఇది పల్లం మడిలో సెరుకు, నీరెక్కువ. ఇంకాసేపు ఆగాల."

యూనివర్సిటీ నుంచి వచ్చిన హైమవతి యంత్రం వైపోసారి, సన్యాసమ్మ వైపోసారి చూసింది. ఈ వంట చెడిందంటే రైతులు రేపే పాత పొయ్యి రాజేస్తారు. అయినా పెద్దావిడ మాటే విని ఆగింది. కాసేపటికి సన్యాసమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుని నొక్కితే ఉండ కట్టింది. అచ్చుల్లో పోసిన బెల్లం చక్కగా గట్టిపడింది.

"మీ పద్ధతి రాసుకున్నాను," అంది యంత్రం. "పల్లం చెరుకైతే ఆగాలి. నీళ్ళలో వేసి నొక్కాలి. నొక్కేముందు ప్రతిసారీ కళ్ళు తుడుచుకోవాలి. ఆ చివరిది ఎందుకో అర్థం కాలేదు."

సన్యాసమ్మ కొంగు తడిమి చూసుకుంది. పొడిగా ఉంది.

"అది పొగనాటి అలవాటు తల్లీ," అంది నవ్వుతూ. "మిగతావన్నీ నేర్సుకో. అదొక్కటీ ఒగ్గెయ్."