డిక్కీలో సిలిండర్

“ఆ సిలిండర్‌ని పరీక్ష చేయించావా బాబూ? పాప సరిగ్గా దాని ముందే కూర్చుంటోంది.”

కారు కదలకముందే అడిగాను. అల్లుడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

“నిన్ననే చేయించానండీ. కుక్కర్ కూతకే ఉలిక్కిపడే మీకు గ్యాస్ కారు గురించి ఏం చెప్పను అత్తయ్యగారూ?”

వెనక నా పక్కన కూర్చున్న అమ్మాయి కూడా కిసుక్కుమంది. “అమ్మకి గాలి బుడగన్నా భయమేలెండి.”

బంకులో గ్యాస్ పట్టే మనిషి అందర్నీ దిగమన్నాడు.

“పాప నిద్రపోతోందయ్యా. మావాళ్ళని కూర్చోనివ్వు, ఏం కాదు,” అంటూ అల్లుడు తాను మాత్రం చకచకా దిగి వెళ్ళిపోయాడు.

“దిగకపోతే పట్టనమ్మా,” అన్నాడు ఆ మనిషి. పాపను భుజాన వేసుకుని దిగాను. అల్లుడేడీ అని చూస్తే, గేటు అవతల గోడ చాటున, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయీ చూసింది.

గ్యాస్ నిండాక ఉత్తరకుమారుడిలా ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు. “ఎక్కండి, ఎక్కండి.”

“సిలిండర్ పక్కన కూర్చునేది మేము. చెవులు నువ్వు మూసుకున్నావేం నాయనా? నిజంగా పరీక్ష చేయించావా?”

అల్లుడు చేతిలోని తాళాలు ఒక్కొక్కటే లెక్కపెట్టసాగాడు. వెనక బండివాడు హారన్ కొట్టాడు. ఆగి మళ్ళీ కొట్టాడు. మాలో ఎవరూ కదల్లేదు.

చివరికి అమ్మాయే నా భుజం మీంచి పాపను అందుకుంది.

“పద అమ్మా. నడిచి పోదాం.”