కాలు కింద పెట్టకుండా

పెద్దాయన మూడోసారి కూడా ఫెయిలయ్యాడు.

మైదానంలో తెల్లసున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసి ఉంటుంది. మోటారుసైకిలు మీద ఆ గీతల మధ్య ఒక చుట్టు తిరిగి రావాలి. గీత తొక్కకూడదు. కాలు కింద పెట్టకూడదు. లైసెన్సుకి అంతే పరీక్ష. ఆయన మొదటిసారి గీత తొక్కాడు. రెండోసారి కాలు పెట్టాడు. మూడోసారి బండితో సహా మొత్తం మనిషే కింద పడ్డాడు.

"నయం, ఈసారి కాలు పెట్టలేదు. మిగతావన్నీ పెట్టాను," అన్నాడు మోచేతికి అంటిన సున్నం దులుపుకుంటూ.

వరసలో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. కిటికీ వెనక గుమాస్తా మొహానికి ఫైలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ముప్పై దాటి ఉండవు ఆవిడకి. కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది.

"వచ్చే వారం రండి సార్."

ఇంట్లో భార్య గుమ్మంలోనే అందుకుంది.

"అరవై ఏళ్లొచ్చి, ఉద్యోగంలోంచి దిగి హాయిగా కూర్చోవలసిన మనిషికి ఇదేం పోయేకాలం? ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీవే. వాళ్లకి ఆ హక్కుంది."

"కాలు విరిగితే?"

"నువ్వున్నావుగా తిట్టడానికి. తిట్లకే అతుక్కుంటుంది."

బండి అల్లుడిది. నేర్పేది కూతురు. సాయంత్రం పూట సందులో వెనకాలే పరిగెడుతూ అరుస్తుంది. "క్లచ్! నాన్నా, క్లచ్!" ఆయనకి రూల్సన్నీ కంఠతా వచ్చు. ఏ మలుపులో ఎంత వేగం, ఏ చెయ్యి ఎప్పుడు చాపాలి, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. క్లచ్ ఎడమచేతి కిందుందన్న సంగతి మాత్రం అవసరానికి గుర్తురాదు. సోమవారం పక్కింటివాళ్ల ప్రహరీని గుద్దాడు.

"గోడ అడ్డం వచ్చిందమ్మా."

"అది ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది నాన్నా."

"అదే నా బాధ. నాకంటే అనుభవం ఉన్న గోడ, పక్కకి తప్పుకోవద్దూ?"

కూతురు నవ్వలేక, ఏడవలేక బండి లేపింది. "ఇంక చాలు నాన్నా. నాకు భయంగా ఉంది."

ఆయన హ్యాండిల్‌కి అంటిన గోడ సున్నం తుడిచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇంకొక్కసారమ్మా. లర్నర్ లైసెన్సు గడువు ఈ శుక్రవారంతో అయిపోతుంది. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు."

శుక్రవారం వరసలో ఆయన వెనక ఒక నర్సు నిలబడింది. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే వచ్చింది. ఆయన్ని చూసి పలకరించింది.

"ఈ వయసులో బండెందుకు బాబాయిగారూ? ఆటోలు లేవా?"

ఆయన మైదానం వైపు చూపించాడు. అప్పుడే ఒక గ్యాస్ సిలిండర్లు వేసే అతను ఎనిమిది పూర్తిచేసి వస్తున్నాడు.

"ఆ మొహం చూడు. వెళ్లేటప్పుడు గుమ్మడికాయల దొంగలా వెళ్లాడు. వచ్చేటప్పుడు చూడు, ఏదో రాజ్యం గెలిచినట్టు. ఎవరైనా అంతే. కాళ్లు నేల వదిలాక వాళ్లకేదో అవుతుంది. అదేంటో నాకు ఒక్కసారీ తెలియలేదు. తెలుసుకోకుండా పోవడం సిగ్గనిపించింది. తెలుసుకుందామంటే పడిపోతున్నాను."

"మరి పడిపోతున్నారెందుకు?"

"తెలిస్తే పడతానా తల్లీ?"

నర్సు నవ్వి, గొంతు తగ్గించింది. "చక్రం వంకా, కాళ్ల వంకా చూడకండి. ఎటు వెళ్లాలో అటు చూడండి. చూసిన చోటికే పోతుంది బండి."

"ఇన్నేళ్లూ నేను కాళ్ల వంకే చూశానమ్మా," అన్నాడాయన.

ఆయన వంతు వచ్చింది. గుమాస్తా పని ఆపి కిటికీ దగ్గరకొచ్చాడు. వాచ్‌మన్ గేటు వదిలి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకుని, "అంబులెన్సుకి ఫోన్ చేసి ఉంచండయ్యా," అని వాళ్లతో అని, ఆయన క్లచ్ వదిలాడు.

బండి కుదుపుతో కదిలింది. మొదటి మలుపులో ఒరిగింది. కాలు కిందికి దిగబోయింది. ఆయన తల ఎత్తి, మలుపు అవతలికి చూశాడు. బండి తనంతట తనే లేచి నిలబడింది. గాలి మెడ మీంచి చొక్కాలోకి దూరి వీపుని ఉబ్బించింది. నడుము ఎటు మొగ్గితే దారి అటు తిరుగుతోంది. అరవై ఏళ్లలో ఆయన మాట అంత తేలిగ్గా విన్నది ఇంకేదీ లేదు, భార్యతో సహా. రెండో మలుపు. నడుమ కూడలి. ఎనిమిది అయిపోయింది.

ఆయన ఆగలేదు. ఇంకో ఎనిమిది తిరిగాడు. హెల్మెట్ లోపల్నించి నవ్వో, ఏడుపో, ఏదో శబ్దం వస్తోంది.

పొద్దుట్నించీ కుర్చీలోంచి కదలని ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. కాగితం మీద సంతకం చేసి రెండు చేతులతో అందించింది. ఆయన దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. ఆవిడకి తల ఊపి వెళ్లిపోయాడు.

నర్సు బండి ఎక్కుతూ అడిగింది. "మీకు కావలసినవాళ్లా మేడమ్?"

ఇన్‌స్పెక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

"మొన్నమొన్నటిదాకా ముప్పై రెండేళ్లు ఈ కుర్చీలో కూర్చుని, కాలు కింద పెట్టారంటూ వేలమందిని, అందులో నన్ను ఆరుసార్లు, ఫెయిల్ చేసిన ఇన్‌స్పెక్టరుగారు ఆయనే."