తొమ్మిదో మంచం

“ఒక్క నిమిషం పడుకోండి సార్.”

కొత్త వార్డు గోడలకు ఇంకా పూత కూడా పడలేదు. ఉత్తరం కిటికీ పక్కన ఆర్కిటెక్టు ధర్మేంద్ర ఒక ఇనుప మంచం వేయించి, కిటికీకి బయట నమూనాకి ప్లైవుడ్ పలకలు నిలువుగా కట్టించాడు. ఆసుపత్రి ఇంజనీరు సంపత్కుమార్‌కి ఇదంతా వృథా ప్రయాసగా ఉంది.

“ఏమబ్బా నీ పట్టుదల! ఎండాకాలం సాయంత్రం ఈ కిటికీలోనుంచి ఎండ మంచం మీదికే వస్తాది. చిల్లుల జాలీగోడ కట్టేస్తే పీడా పోతాది గదా?”

“ఎండతో పాటు కొండా పోతాది సార్. పలకలు ఇట్ల ఏటవాలుగా తిప్పి పెడితే ఎండ ఆగుతాది, వెలుతురొస్తాది. పడుకున్నోళ్ళకు కొండ కనపడతాది.”

సంపత్కుమార్ అతని తలకేసి చూశాడు. అంగుళం కూడా లేదు జుట్టు.

“మూణ్ణెల్ల కిందట బాగానే ఉండె గదా క్రాపు. మీ నాయన కోసం గుండు కొట్టించుకున్నావా?”

“నాయన కోసమే సార్.”

“పాతవార్డులో సూసినా ఆయన్ని. తొమ్మిదో మంచం గదా?”

“అవున్సార్. ఇదీ తొమ్మిదో మంచమే.” ధర్మేంద్ర ఒక పలకను కొంచెం పక్కకు తిప్పాడు. “లేస్తానే కొండకు దండం పెట్టందే కాఫీ ముట్టని మనిషి. ఆడ పొద్దన్నే కళ్ళు తెరిచి ‘కొండ యాడుండాది రా?’ అని అడిగినాడు. ఎదురుగా గోడుంటే గోడనే చూపించినా. దానికే దండం పెట్టుకున్నాడు.”

 ఈ ఒక్క కిటికీ కోసం ఎన్నిసార్లు గీసి చెరిపాడో ధర్మేంద్రకే తెలియదు. ఈరోజు ఈ ఇంజనీరు కాదంటే అక్కడికి జాలీ వచ్చేస్తుంది.

సంపత్కుమార్ సణుక్కుంటూనే మంచమెక్కి వెనక్కి వాలాడు. పలకల సందులోంచి శేషాచలం నిండుగా కనిపించింది. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చాలాసేపు లేవలేదు.

“పలకలే పెట్టప్పా. సంతకం పెడతా,” అన్నాడు చివరికి, చెప్పులు వెతుక్కుంటూ. “శనివారం కొండకు పోతాండాను. నా కార్లోనే రా. మీ నాయన తొందరగా లేచి తిరగాలని స్వామికి చెప్పుకుందాం.”

ధర్మేంద్ర నక్షాను చుట్టి చంకలో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

“ఏడాది తిరిగేదాకా నేను కొండెక్కకూడదు సార్.”