లూడీ చేతి కేకు

"నా వల్ల కాదు హాలిస్ గారూ, ఇంకెవరినైనా అడగండి," అంది ఐవా నెల్, దోమతెర తలుపు గడియ తియ్యకుండానే.

హాలిస్ ప్రూయిట్ వరండా మీంచి కదల్లేదు. చర్చిలో ఇరవై ఏళ్లుగా డీకన్‌గా ఉన్న పెద్దమనిషి, చంకలో కాగితం సంచి ఇరికించుకుని దొంగలా నిలబడ్డాడు. సంచిలోంచి బర్బన్ విస్కీ సీసా మూతి తొంగిచూస్తోంది.

"మన జిల్లాలో మందు అమ్మరని తెలుసుగా. దీనికోసం పక్క జిల్లా దాకా పోయొచ్చాను. కొట్లో మన పాస్టరు గారి బావమరిది ఎదురయ్యాడు. కేకు కోసమండీ అన్నాను. నేనూ కేకు కోసమే అన్నాడు. వాడి చేతిలో నాలుగు సీసాలున్నాయి."

ఐవా నవ్వు దాచుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"రేపే క్రిస్మస్," అన్నాడతను గొంతు తగ్గించి. "లూడీ పోయాక మొదటి పండగ. కేకు చేసే పద్ధతి చీటీ మీద రాసిపెట్టిందేమోనని వంటిల్లంతా గాలించాను, దొరకలేదు. పక్కింటిదానివి, దాని స్నేహితురాలివి. ఏటా ఈ విస్కీ పోసి లేన్ కేకు చేస్తుంటే ఒక్కసారైనా చూసే ఉంటావు కదా?"

చూడడమేమిటి, చేసిందే ఐవా. హాలిస్‌తో కొత్త కాపురంలో లూడీ గొప్పకు పోయి, లేన్ కేకు తనకు వెన్నతో పెట్టిన విద్య అని అత్తగారి ముందు కోతలు కోసింది. ఆ ఏడాదికి పరువు దక్కాలని ఐవా చేసి, ఎవరూ చూడకుండా వెనక గుమ్మంలోంచి అందించింది. ఆ ఒక్క ఏడాది కాస్తా ఇరవై ఎనిమిదేళ్లయింది. చివరి రోజుల్లో లూడీ మంచం మీంచి చెయ్యి పట్టుకుని, "ఆయనకి మాత్రం చెప్పకే" అని ఒట్టు వేయించుకుంది.

ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఐవాకి ఒక్క ఆశ తీరలేదు. ప్రతి క్రిస్మస్‌కీ తన బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని, కంచె అవతల ఆ ఇంటి నవ్వులు వినేది. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు.

గడియ తీసింది.

"మీ ఇంట్లోనే చేద్దాం పదండి. కుదరకపోతే నన్ననకూడదు."

లూడీ వంటింట్లో అల్మారా తెరిస్తే కేకు కాల్చే పళ్లేలు మూడూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒకదాని అడుగున కొట్టువాడు అంటించిన ధర చీటీ ఇంకా అలాగే ఉంది, ఒక్కసారీ పొయ్యెక్కలేదని చెబుతూ. ఐవా గబుక్కున దాన్ని గోటితో గీకి ఉండచుట్టి, ఏప్రాన్ జేబులో పడేసింది.

"ఏమిటది?"

"పురుగు. మీరు ఆ పెకన్ గింజలు తరగండి. సన్నగా, రాళ్లు కొట్టినట్టు కాదు."

తెల్లసొన నురగ కట్టేదాకా గిలక్కొట్టి, పిండిలో కలిపి, మూడు పొరలూ ఓవెన్‌లో పెట్టింది. పచ్చసొనలో చక్కెర, వెన్న వేసి సన్నని సెగ మీద కలియబెడుతోంటే చిక్కబడింది. దాన్లో ఎండుద్రాక్ష, కొబ్బరికోరు, అతను తరిగిన గింజలు పడ్డాయి. వంటిల్లంతా తియ్యటి వాసన. హాలిస్ కళ్లు చెమర్చాయి.

"ఇదే వాసన. ఏటా ఈ రోజు ఇంట్లోకి రాగానే ఇదే వాసన," అన్నాడు.

ఇలాగే పోతే రుచి కూడా అచ్చంగా అదే వస్తుంది. అతనికి తెలిసిపోతుంది. మట్టిలో ఉన్న మనిషికి ఇచ్చిన మాట పోతుంది. ఐవా సీసా మూత తీసి, నిండా పొయ్యాల్సిన కప్పు సగానికి పోసి ఆపేసింది. ఇన్నేళ్లలో తన కేకుని తనే పాడు చేసుకోవడం ఇదే మొదటిసారి.

"అంతేనా?" అన్నాడు హాలిస్.

"అంతే. డీకన్ గారి భార్య అంతకంటే పోస్తుందా ఏమిటి?"

పొరలు చల్లారాక మధ్యమధ్య ఆ ముద్ద పరిచి, పైన క్రీము పూసేసరికి మధ్యాహ్నం మూడయింది. ఐవా చేతులు తుడుచుకుంది.

"రేపటిదాకా ముట్టుకోకండి. రాత్రంతా ఊరితేనే బావుంటుంది."

"ఆగలేను," అంటూ కత్తి తీసుకున్నాడు. ఒక ముక్క కోసి పళ్లెంలో వేసుకుని, నిలబడే నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఐవా అతన్నే చూసింది. నమిలే దవడ, కదిలే కనుబొమలు, నుదుటి మీద సన్నని ముడత. ఇన్నేళ్లు ఊహించుకున్న మొహం ఇదేనా అనుకుంది. కాదని తనకే తెలుసు. ఆ వెలుగు రాకుండా చేసింది తనే.

అతను కళ్లు తెరిచాడు. పళ్లెం మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఇది కాదు."

ఐవాకి గుండె తేలికపడింది. అంతలోనే కలుక్కుమంది కూడా.

"ఎలా వస్తుందండీ," అంది, అతని వైపు చూడకుండా ఏప్రాన్ ముడి విప్పుకుంటూ. "లూడీ చేతి మహిమ నాకెక్కడిది?"

హాలిస్ విస్కీ సీసా తీసి ఆమె ముందుకు జరిపాడు.

"మళ్లీ మొదలుపెట్టు. ఇన్నేళ్లూ మా ఇంటికి పంపినట్టే చెయ్యి, ఐవా."