ఎర్ర రెట్ట

తుమ్మచెట్టు మీద ఓ పిగిలిపిట్టల జంటకి తొలి పిల్ల పుట్టింది. మేత తేవడంతోనే సరిపోయి ఇద్దరికీ కంటి నిండా నిద్ర లేదు. ఒకరు రాగానే ఇంకొకరు ఎగిరిపోవడమే, మాటా పలుకూ లేదు.

ఓ పొద్దున పిల్ల ఎర్రగా రెట్ట వేసింది. అది రక్తమేమో అనుకుంది తల్లి. పిల్ల నోరు తెరిచి అరుస్తున్నా, ఏం పెడితే ఏమవుతుందోనని భయపడి పక్క కొమ్మ మీది గోరింకవ్వని పిలిచింది.

"జబ్బు పిల్ల ఇంత గట్టిగా అరవదమ్మా. దీనికి ఆకలేస్తోంది," అంది గోరింకవ్వ. "ఇందాక ఏం పెట్టారు?"

"నేను పురుగులే పెట్టాను. ఆయనేం పెట్టారో తెలీదు."

అంతలో తండ్రి వచ్చి, ముక్కున తెచ్చిన ఎర్రటి ముక్క గూట్లో పెట్టాడు. "నాగజెముడు పండు. పొద్దున కూడా ఇదే పెట్టాను. చెబుదామనుకునేలోపు నువ్వు ఎగిరిపోయావు," అన్నాడు.

తల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఆ ముక్క పిల్ల నోట్లో పెట్టింది. "ఇకనించి ఏం పెట్టిందీ చెప్పాకే ఎగురుదాం. ఇంతకీ మీరేం తిన్నారు?"

తండ్రి చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు. "నువ్వో?" అన్నాడు.

తల్లికీ గుర్తు రాలేదు.

"పిల్లని నేను చూస్తాను. ముందు మీరు పోయి తినిరండి," అంది గోరింకవ్వ.

కాసేపటికి ఆమె తల తిప్పి చూస్తే, ఇద్దరూ పక్క కొమ్మ కూడా దాటలేదు. రెక్కా రెక్కా ఆనించుకుని నిద్రపోతున్నారు.